వనామి మినరల్స్ కొత్త బ్యాగు: 34 మంది డీలర్లకి వెళ్లింది, కానీ ప్రోడక్టు నిలబడిందని దేన్ని బట్టి చెప్పాలి?

ఉండి_మార్కెటింగ్:

నమస్కారమండీ. తక్కువ ఉప్పు నీళ్లలో వనామి రొయ్య వేసే చెరువుల కోసం 10 కిలోల మినరల్ బ్యాగు ఒకటి ఫిబ్రవరిలో దించాం. మోతాదు ఎకరానికి పక్షానికో బ్యాగు. మే నెలాఖరుకి ఇటు ఉండి, ఆకివీడు, కాళ్ల, గణపవరం, అటు కోనసీమలో అల్లవరం, ఉప్పలగుప్తం కలిపి 34 మంది డీలర్లకి 6,200 బ్యాగులు బిల్లు చేశాం. పెట్టుకున్న టార్గెట్ 5,000. మొదట్లో 10కి 1 ఉచితం ఇచ్చాం, మార్చి నుంచి 5కి 1.

టార్గెట్ దాటింది కాబట్టి హిట్టయినట్టే అని యాజమాన్యం అంటోంది. ఇప్పుడున్న నలుగురు ఫీల్డ్ కుర్రాళ్లకి తోడు జూన్ పంటకి ఇంకో ఐదుగుర్ని తీసుకుందామంటున్నారు. నాకు నమ్మకం కుదరడం లేదు. కొందరు డీలర్ల గోడౌన్లలో సరుకు ఇంకా దొంతులుగానే ఉంది. మా పాత కాల్షియం పౌడర్ అమ్మకం కూడా అదే డీలర్ల దగ్గర కాస్త తగ్గింది.

ఏ లెక్కలు తీయాలి, ఎంతకాలం చూడాలి, ఎక్కడ గీత గీయాలి? పనిలో ఉన్నవాళ్లు వివరంగా చెబితే మేలు చేసినవాళ్లవుతారు.

డీలర్_నిల్వలు:

6,200 అన్నది మీ గోడౌన్ గుమ్మం దాటిన లెక్క. చెరువులో పడింది వేరు. రైతు రెండోసారి డబ్బు పెట్టి కొన్నది ఇంకా వేరు. ముందు మొదటి రెండిటి మధ్య ఎంత తేడా ఉందో తేల్చండి, చాలా సంగతులు అక్కడే బయటపడతాయి.

డీలర్ వారీగా వేయాలి. మీరు పంపినవీ ఉచితంగా ఇచ్చినవీ కలిపి, అందులోంచి ఇవాళ్టి నిల్వ, తిరిగొచ్చినవి, పక్క డీలరుకి చేబదులిచ్చినవి తీసేస్తే మిగిలిందే రైతుకి వెళ్లింది. ఉదాహరణకి ఒకాయనకి 220 బిల్లు చేశారు, 5కి 1 చొప్పున 44 ఉచితం, మొత్తం 264. గోడౌన్లో 139 ఉన్నాయి, 17 పక్క ఊరి డీలరుకి వెళ్లాయి. రైతులకి చేరింది 108. మీ పుస్తకంలో 220 ఉంటే చెరువుల్లో పడింది అందులో సగం లేదు. నాలుగు నెలల్లో 108 అంటే నెలకి 27. ఆ వేగంతో 139 బ్యాగులు అయిదు నెలలు వస్తాయి. అంటే జూన్ పంటకి ఈయన మీ దగ్గర కొత్తగా ఒక్క బ్యాగు కొనక్కర్లేదు. చేబదులు పోయిన 17నీ ఆ రెండో డీలరు ఖాతాలో కలపడం మరిచిపోకండి, లేకపోతే మొత్తం కుదరదు.

నిల్వ ఎంతుందని ఫోన్లో అడిగితే "అయిపోవచ్చిందండీ" అనే అంటారు, స్కీము మీద ఇంకో లోడు వస్తుందని. మనిషి వెళ్లి దొంతి లెక్కపెట్టాలి: అడుగు వరసలో ఎన్ని, ఎత్తు ఎన్ని, గోడ వైపు రెండో వరస ఉందా లేదా. బ్యాచ్ నంబర్లు రాసుకోండి. ఫిబ్రవరి బ్యాచ్ అడుగున ఉండి, ఏప్రిల్ బ్యాచ్ పైనుంచి పోతోందంటే పాత సరుకు వానాకాలంలోకి వెళ్లబోతోంది. మీ మిశ్రమంలో మెగ్నీషియం క్లోరైడ్ ఉంటే అది తేమని లాగేసుకుంటుంది. కుట్టు దగ్గర బ్యాగు చెమ్మగిల్లి, లోపల పొడి గడ్డకట్టి రాయిలా తయారవుతుంది. ఆగస్టులో అవన్నీ రిటర్న్ కింద మీ గుమ్మంలోకే వస్తాయి. మే లెక్కలో అది ఎక్కడా కనబడదు.

ఎప్పుడు లెక్కపెట్టాలన్నది కూడా ముఖ్యమే. రొయ్య అమావాస్యకీ పౌర్ణమికీ ఎక్కువగా పాత పెంకు విడిచే మోల్టింగ్‌కి వస్తుందని రైతులు ఆ ముందు రెండు మూడు రోజుల్లోనే మినరల్స్ పట్టుకెళతారు. ఇంగ్లీషు తారీకుల వారం పెట్టుకుని పోల్చారంటే ఒక వారం విపరీతంగా, పక్క వారం ఏమీ లేనట్టుగా కనిపిస్తుంది. అమావాస్య నుంచి అమావాస్యకి లెక్క పెట్టుకోండి. నిల్వ చూసే రోజు తదియ అనుకోండి, 34 మంది దగ్గరా ఆ ఒకటి రెండు రోజుల్లోనే పూర్తవ్వాలి.

స్కీము సంగతి. మొదటి ఆర్డరు మీ కుర్రాళ్ల పలుకుబడికి, రెండోది స్కీముకి వస్తుంది. ఉచిత బ్యాగు ఆపేశాక వచ్చే ఆర్డరే ప్రోడక్టుకి వచ్చినట్టు. 5కి 1 ఆపి రెండు అమావాస్యల కాలం చూడండి. 34 మందిలో ఎంతమంది అడిగి తెప్పించుకున్నారో అదొక్కటే చాలు. నెలాఖరులోనో, డీలర్లకి బహుమతిగా ఇచ్చే టూరు టార్గెట్ ముగిసే వారంలోనో పడ్డ ఆర్డర్లని విడిగా గుర్తు పెట్టండి. వాటిని మామూలు అమ్మకంలో కలిపితే ఏదీ తేలదు.

ఇంకోటి: బ్యాగుల సంఖ్యని మేతతో భాగించండి. రొయ్య ధర పడిపోతే రైతు ముందు మినరల్సూ ప్రోబయోటిక్సూ తగ్గిస్తాడు, మేత ఆఖర్న తగ్గిస్తాడు. 2025 ఆగస్టు చివర్లో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినట్టు ఏదైనా జరిగిన నెలల్లో మీ అమ్మకం పడితే అది మీ బ్యాగు తప్పు కాదు. ఒక డీలరు 60 టన్నుల మేతకి 81 బ్యాగులు అమ్మితే టన్నుకి 1.35. ఇంకొకాయన 200 టన్నులకి 110 అమ్మితే 0.55. రెండో ఆయన బిల్లు పెద్దది, కానీ మీ సరుకు చెరువుల్లోకి దిగింది మొదటి ఆయన దగ్గరే. వచ్చే నెల ఆ మొదటి ఆయనే 40 టన్నులకి 60 బ్యాగులు అమ్మితే అది 1.5. బిల్లు తగ్గింది, ప్రోడక్టు పెరిగింది.

నీటి_ల్యాబ్:

నిల్వ లెక్క విషయంలో పైవారితో పూర్తిగా ఏకీభవిస్తాను. మేతతో భాగించడం దగ్గరే ఆగండి. 20 రోజుల చెరువులో మేత కిలోల్లో పడుతుంది, 90 రోజుల చెరువులో బస్తాల్లో పడుతుంది. మినరల్స్ మోతాదు మాత్రం ఎకరానికి, రొయ్య వయసుతో పెద్దగా మారదు. కాబట్టి పంట ముదిరేకొద్దీ టన్నుకి బ్యాగులు వాటంతట అవే తగ్గుతాయి. మార్చిలో 1.5, మేలో 0.6 చూసి రైతులు మానేశారనుకుంటారు. స్టాకింగ్ (రొయ్య పిల్లల్ని వదలడం) ఒకే సమయంలో జరిగిన డీలర్ల మధ్యనే ఆ పోలిక నిలుస్తుంది.

ఎకరం-పక్షం అనే కొలత పెట్టుకోండి. పంట ఉన్న ఒక ఎకరం ఒక పక్షం గడిస్తే ఒకటి. 40 ఎకరాలు ఆరు పక్షాలు నడిస్తే 240. మీ మోతాదు ప్రకారం 240 బ్యాగులు పడాలి. పడింది 96 అయితే మోతాదు నిండింది 40 శాతం. "వాడుతున్నామండీ" అనే రైతు అసలు ఎంత వాడుతున్నాడో దీనితో తెలుస్తుంది. చాలామంది పక్షానికి కాదు, లూజ్ షెల్ (పెంకు వదులవడం) కనబడ్డప్పుడు వేస్తారు.

దీనికి ప్రతి చెరువుకీ ఓ కార్డు ఉండాలి. విస్తీర్ణం, సీడ్ వేసిన తేదీ, ఎకరానికి ఎన్ని పిల్లలు, నీటి ఉప్పు ఎన్ని పీపీటీ (లీటరుకి గ్రాములు), మొదటి డోసు తేదీ, ఉచితంగా ఇచ్చిందా కొన్నదా, తర్వాతి డోసులు, పట్టుబడి (రొయ్యలు పట్టేసిన) తేదీ, కారణం. ఆ ఆఖరి రెండూ వదిలేస్తే రెండో కొనుగోలు లెక్క తప్పుగా వస్తుంది. ఉదాహరణకి 60 చెరువులు మొదటి డోసు వేశాయి. వాటిలో 12 వైట్ స్పాట్ (వైరస్ జబ్బు) వచ్చో మరో కారణానో రెండో డోసు రోజు రాకముందే పట్టేశారు. మిగిలిన 48లో 26 చెరువులు డబ్బిచ్చి రెండో డోసు కొన్నాయి. లెక్క 26కి 48, అంటే 54 శాతం. 60తో భాగిస్తే 43 వస్తుంది, అది ప్రోడక్టుకి అన్యాయం. అలాగని ఆ 12నీ పక్కన పడేయకండి. అదే కాలువ మీద, మీ బ్యాగు వాడని చెరువుల్లో ముందస్తు పట్టుబడి ఎంతుందో పక్కన పెట్టి చూడాలి.

స్టాకింగ్ నెలని బట్టి గుంపులు విడదీయండి. ఫిబ్రవరి చెరువులూ ఏప్రిల్ చెరువులూ ఒకటి కావు. రబీ అయ్యాక ధవళేశ్వరం నుంచి కాలువలకి నీళ్లు ఆపేసిన రోజుల్లో చాలామంది బోరు నీళ్ల మీదే నెట్టుకొస్తారు, ఉప్పూ ఖనిజాలూ ఒక్కో బోరుకి ఒక్కో తీరు. జూన్‌లో కాలువ నీళ్లొచ్చాక, పైన వానలు పడ్డాక ఉప్పు పలచబడుతుంది, మినరల్స్ అవసరం పెరుగుతుంది. ఒక పెద్ద వాన తర్వాత పెరిగిన అమ్మకం వాన చేసిన అమ్మకం. అందుకే ఒక్క పంట చూసి తీర్పు చెప్పకూడదు. ఎండాకాలం పంటొకటి, వానాకాలం పంటొకటి కనీసం చూడాలి.

ఇక అసలైన ప్రశ్న: మీ బ్యాగు పనిచేస్తోందా? దీనికి జవాబు లేకుండా రెండో కొనుగోలు ఎందుకు వచ్చిందో, ఎందుకు ఆగిందో చెప్పలేరు. లెక్క చూడండి. సముద్రపు నీటి నిష్పత్తి ప్రకారం ఎన్ని పీపీటీ ఉంటే దాన్ని పొటాషియంకి 10.7తో, మెగ్నీషియంకి 39.1తో, కాల్షియంకి 11.6తో గుణించాలి. 3 పీపీటీ నీళ్లలో లీటరుకి పొటాషియం దాదాపు 32 మిల్లీగ్రాములు, మెగ్నీషియం 117, కాల్షియం 35 ఉండాలి. ఎకరం చెరువు 1.2 మీటర్ల లోతుంటే సుమారు 4,850 ఘనపు మీటర్ల నీరు. అందులో పొటాషియం లీటరుకి 1 మిల్లీగ్రాము పెరగాలంటే 4.85 కిలోల పొటాషియం కావాలి, అంటే మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 9.7 కిలోలు. మీ 10 కిలోల బ్యాగులో పొటాషియం 10 శాతం ఉందనుకుంటే చెరువులో పెరిగేది 0.2. మామూలు టెస్ట్ కిట్‌కి అది అందదు. పైగా నల్లరేగడి అడుగు పొటాషియంని కొంత పట్టేసుకుంటుంది. కాబట్టి "వేసిన మూడో రోజు ల్యాబ్ రిపోర్టులో తేడా చూడండి" అని మీ కుర్రాళ్లు చెబుతుంటే ఆ మాట ఇవాళే ఆపించండి. లోటు ఎక్కువున్న చెరువుకి పొటాష్ విడిగా వేసుకోమని నిజం చెప్పండి, మీ బ్యాగు దాని మీద నిలకడకి అని చెప్పండి. చేయలేనిది చెప్పి అమ్మిన బ్యాగు రెండోసారి అమ్ముడుపోదు.

కొలవాల్సింది రొయ్యలో. మోల్టింగ్ తర్వాత రెండో రోజు విసురు వల వేసి 100 రొయ్యలు తీసి పెంకు మెత్తగా ఉన్నవి లెక్కపెట్టండి. మేత చూసుకునే చెక్ ట్రే పైకెత్తగానే ఒళ్లు వంకర తిరిగి బిగుసుకుపోయినవి ఎన్నో, తోక కండ తెల్లబారినవి ఎన్నో రాయండి. చెరువు నాలుగు మూలలా వేయాలి, ఏరియేటర్ దగ్గర ఒక్కచోటే వేస్తే బలమైన రొయ్యే వస్తుంది.

ఎక్కడ తప్పు జరుగుతుందంటే, రైతు మీ బ్యాగుని బాగాలేని చెరువులో వేస్తాడు, బాగున్న దాన్ని అలాగే వదిలేస్తాడు. తర్వాత రెండూ పోలిస్తే మీ ప్రోడక్టు చెడగొట్టినట్టు కనిపిస్తుంది. ఒకే రైతువి పక్కపక్క చెరువులు, ఒకే హేచరీ సీడ్, ఒకే రోజు స్టాకింగ్, ఒకే మేత ఉన్న జతలు కనీసం పది ఎంచుకుని, ఏ చెరువులో వెయ్యాలో బొమ్మా బొరుసూ వేసి తేల్చండి. రైతుకీ మీ కుర్రాడికీ ఆ ఎంపిక వదలొద్దు. 60వ రోజు, 90వ రోజు సగటు బరువు, బతికిన శాతం, కిలో రొయ్యకి ఎన్ని కిలోల మేత పట్టిందో చెప్పే ఎఫ్‌సీఆర్ రాయాలి. పట్టుబడి డబ్బుని మాత్రం అసలు ధరతో పోల్చకండి. పది రోజుల తేడాలో 40 కౌంట్ (కిలోకి 40 రొయ్యలు) ధర మారిపోతే తప్పు లెక్క వస్తుంది. అన్ని చెరువులకీ ఒకే రోజు ధరల పట్టీ వేయండి.

రైతుకి గిట్టుబాటు ఇలా చూపించాలి: బ్యాగు 650 చొప్పున ఆరు బ్యాగులకి ఎకరానికి 3,900. రెండు టన్నుల దిగుబడిలో ఎఫ్‌సీఆర్ 0.05 తగ్గితే 100 కిలోల మేత మిగిలింది. కిలో 90 అనుకుంటే 9,000. పది జతల్లో కనీసం ఆ 3,900 తిరిగి రాకపోతే ఏ స్కీమూ ఈ బ్యాగుని నిలబెట్టదు.

ఖాతా_పుస్తకం:

మీ కంపెనీ డబ్బు వైపు ఎవరూ రాయలేదు కాబట్టి అదొక్కటే రాస్తాను. పన్ను పక్కన పెట్టి, డీలరు రేటు 420 అనుకుందాం. మీ అసలు అంకెలు ఇందులో వేసుకోండి.

5కి 1 ఇస్తే అయిదింటి డబ్బుతో ఆరు బ్యాగులు పోతున్నాయి, అంటే బ్యాగుకి చేతికొచ్చేది 350. ముడిసరుకు, సంచి, కుట్టు 210. కిరాయి, లోడింగు 12. డీలరు రైతు దగ్గర పట్టుబడికి వసూలు చేసుకుని మీకు కడతాడు, కాబట్టి డబ్బు అయిదు నెలలు బయటే ఉంటుంది. ఏడాదికి 18 శాతం చొప్పున 26. రిటర్న్‌లు 4 శాతం వేసుకుంటే 14. మిగిలేది 88. స్కీము లేకుండా అయితే 420లోంచి 210, 12, వడ్డీ 32, రిటర్న్ 17 పోగా 149.

నలుగురు ఫీల్డ్ కుర్రాళ్ల జీతాలు, పెట్రోలు, డెమో బ్యాగులు కలిపి నెలకి 1,20,000 అనుకోండి. స్కీముతో అయితే నెలకి 1,364 బ్యాగులు, స్కీము లేకపోతే 805 బ్యాగులు చెరువుల్లో పడితేనే ఖర్చు గట్టెక్కుతుంది. బిల్లు చేసినవి కాదు, చెరువుల్లో పడినవి. ఇప్పుడు దాన్ని నీటి_ల్యాబ్ గారి ఎకరం-పక్షంలోకి మార్చండి. సగటు చెరువు రెండున్నర ఎకరాలైతే పూర్తి మోతాదుకి నెలకి 5 బ్యాగులు. 805 బ్యాగులకి 161 చెరువులు చాలు, మనిషికి 40. మోతాదు 40 శాతమే నిండుతుంటే చెరువుకి 2 బ్యాగులు, 403 చెరువులు కావాలి, మనిషికి 100. నూరు చెరువులు ఒక్కడు సరిగ్గా తిరగలేడు. మీకు ఇంకో ఐదుగురు కావాలా అన్నదానికి జవాబు ఇందులో ఉంది: మోతాదు నిండకుండా మనుషుల్ని పెంచితే ఖర్చు గట్టెక్కే గీత కూడా వాళ్లతో పాటే పైకి జరుగుతుంది.

వసూలు విడిగా చూడండి. ఫిబ్రవరి బిల్లుల్లో జూన్ నెలాఖరుకి ఎంత శాతం డబ్బు చేతికొచ్చింది? పట్టుబడి అయిపోయిన రైతుల తాలూకు బాకీ ఇంకా డీలరు దగ్గరే ఉందంటే, సరుకు రైతుకి పోలేదన్నా అనుకోవాలి, డీలరు మీ డబ్బు ఇంకో కంపెనీకి తిప్పుతున్నాడన్నా అనుకోవాలి. రెండిట్లో ఏదో దొంతి లెక్క చెబుతుంది.

పాత కాల్షియం పౌడర్ తగ్గిందన్నారు. అది చిన్న విషయం కాదు. కొత్త బ్యాగు మీద 149 వస్తూ, పాతదాని మీద వచ్చే 100 పోతుంటే మీకు పెరిగింది 49. ఒకే డీలరు దగ్గర రెండిటి లాభం కలిపి, గత ఏడాది అదే పంటతో పోల్చండి. కొత్త బ్యాగు పెట్టని డీలర్ల దగ్గర కూడా పాత పౌడర్ అంతే తగ్గి ఉంటే కారణం కొత్త బ్యాగు కాదు.

ఉండి_మార్కెటింగ్:

చాలా చాలా థాంక్సండీ. ఇంత లోతుగా వస్తుందనుకోలేదు. రెండు చిక్కులున్నాయి. కొందరు డీలర్లు గోడౌన్లోకి రానివ్వరు. రైతులేమో మాది, ఇంకో రెండు కంపెనీలది కలిపి వాడతారు, ఏది ఎంత వేశారో వాళ్లకే గుర్తుండదు. ఇంకా, గీత ఎక్కడ గీయాలన్నది ఒక్క మాటలో చెబుతారా?

డీలర్_నిల్వలు:

గోడౌన్ చూపించని డీలరుకి స్కీము ఉచితాలు ముందు ఇవ్వకండి. నిల్వ చూపించాక, అమ్ముడుపోయిన బ్యాగుల మీద ఇవ్వండి. ఒక్కసారి ఆ పద్ధతి పెడితే తలుపులు వాటంతట అవే తెరుచుకుంటాయి. పైగా దానివల్ల నెలాఖరు లోడింగ్ కూడా తగ్గుతుంది. బ్యాగులో కూపను పెట్టి రైతుకి డబ్బులిచ్చే ఆలోచన వస్తుంది, వద్దు. కూపన్లు కొట్టులోనే కత్తిరించుకుని అక్కడే జమ చేసుకుంటారు.

గీత విషయంలో నా లెక్క ఇది, మీ ఖర్చుని బట్టి మార్చుకోండి. వానాకాలం పంటలో స్కీము లేకుండా, రెండో డోసు రోజుకి ఇంకా పంట ఉన్న చెరువుల్లో సగానికి పైగా రెండో డోసు కొనాలి. మొదటి పంటలో వాడిన రైతుల్లో, మళ్లీ పంట వేసినవాళ్లు మూడింట ఒక వంతైనా మీరు అడక్కుండానే వాడాలి. డీలరు నిల్వ 45 రోజుల లోపు ఉండాలి. మూడూ అందితే మనుషుల్ని పెంచండి. రెండో డోసు అంది, రెండో పంట అందకపోతే ధరా మోతాదూ చూడండి, రైతు పట్టుబడి లెక్కలో కూర్చున్నప్పుడే మానేశాడన్నమాట. రెండో డోసే అందకపోతే సరుకు ఆపి ఫార్ములా చూడాలి. ఈ అంకెలు కాగితం మీద రాసి జూన్ స్టాకింగ్‌కి ముందే యాజమాన్యం చేత సంతకం పెట్టించండి. పంట మధ్యలో అంకెలు కనబడ్డాక గీత గీస్తే అది ఎటు కావాలంటే అటు జరుగుతుంది.

నీటి_ల్యాబ్:

రైతు జ్ఞాపకం మీద ఆధారపడక్కర్లేదు. గట్టు మీద షెడ్డులో మేత, మందులు రాసే నోటుబుక్కు ఉంటుంది, ఆ పేజీ ఫోటో తీసుకోమనండి. అది లేనిచోట ఖాళీ సంచులు చూడాలి. కాపలా మనిషి వాటిని పారేయడు, మడతపెట్టి మేత బస్తాల వెనక కుక్కుతాడు, పాత సంచుల వాడికి అమ్ముతాడు. కంపెనీ వారీగా విడదీసి లెక్కపెట్టి, మీ సంచుల మీద బ్యాచ్ నంబరు రాసుకుంటే ఏ డీలరు దగ్గర నుంచి ఎప్పుడు వచ్చిందో తెలుస్తుంది. మీవి పక్కనే ఇంకో కంపెనీవి ఎన్ని ఉన్నాయో కూడా తెలుస్తుంది, అది ఇంకెక్కడా దొరకని అంకె. సంచులు అమ్మేసే లోపే చూడాలి కాబట్టి పట్టుబడికి వారం ముందు ఒకసారి వెళ్లాలి.

ఆ పది జతల చెరువులు మాత్రం కాలువ నీళ్లు వదలక ముందే ఎంచుకోండి. స్టాకింగ్ అయ్యాక వెతికితే ఒకే రోజు, ఒకే సీడ్ పడ్డ జత దొరకడం కష్టం.